గ్రేట్‌ఫుల్ డెడ్ టేపులకు అలవాటుపడిన చెవితో మొదటి కచేరీకి వెళ్తున్నాను, సలహా కావాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారి కాలం నుంచి మాకు మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం ఉంది. పెళ్లిళ్లు, గ్రామదేవత పండుగలు, ఎన్నికల సభలు, ఏకాహాలు, వీటన్నిటికీ మా హారన్లూ బాక్సులే వెళ్తాయి. నా చదువంతా ఒడియాలో సాగింది, తెలుగు రాయడం మా తాతగారి దగ్గర పాత పుస్తకాలు చూసి నేర్చుకొన్నాను. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఇంత పుస్తకాల భాష రాస్తావేమిటని మా చెల్లెలు నవ్వుతూ ఉంటుంది, మీరు కూడా కాస్త ఓర్చుకోవాలి.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఏ ముహూర్తానికీ మైకు అక్కర్లేకుండా పోయినప్పుడు, దుకాణంలో ఊరికే కూర్చొని ఫోనులో పాత లౌడ్‌స్పీకర్ల బొమ్మలు వెతుకుతుంటే, 1974 నాటి ఫొటో ఒకటి కంటబడింది. 600 పైచిలుకు స్పీకర్లను కోటగోడలా పేర్చారు, దాని ముందు నిలబడి వాయిస్తున్న మనుషులు చీమల్లా ఉన్నారు. దాని పేరు ‘వాల్ ఆఫ్ సౌండ్’, బరువు సుమారు 75 టన్నులు, దాన్ని కట్టించుకొన్నది కాలిఫోర్నియాలో 1965లో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం. బాక్సుకు ఎదురుగా మైకు పెడితే కూత పుడుతుందని మా దుకాణంలో వైర్లు చుట్టే కుర్రాడికి కూడా తెలుసు. మరి స్పీకర్లన్నీ గాయకుల వెనకే ఉంటే మైకు కూయకుండా ఎలా పాడారన్న సందేహం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. తీరా చూస్తే ఒక్కొక్క గాయకుడి ముందు రెండేసి మైకులు పెట్టి, ఆ రెంటినీ ఎదురెదురు ఫేజులో (ఒకదాని తరంగం పైకి లేస్తే రెండోదాని తరంగం కిందికి దిగేలా) కలిపి, ఒక్కదానిలోనే పాడారట. వెనకనుంచి వచ్చే మోత రెండు మైకుల్లోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టివేసుకొంటుంది, గొంతు ఒక్కదానిలోనే పడుతుంది గనుక అది మాత్రం మిగులుతుంది. ఆ ఉపాయానికి మనసులోనే దండం పెట్టుకొని, ఇంతకీ వీళ్లు ఏం వాయించారో విందామని కూర్చొన్నాను.

నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు నచ్చలేదు. గొంతులు అక్కడక్కడ శ్రుతి తప్పుతున్నాయి, ఒక్కో పాట పావుగంట దాటినా తెమలడం లేదు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, రాత్రి భోజనమయ్యాక వింటుంటే, నాకు బాగా తెలిసిన చోటు ఒకటి ఆ పాటలో తగిలింది. మనం ఏకాహం అనేదాన్ని ఇక్కడి ఒడియావాళ్లు అష్టప్రహరి అంటారు. పేరు ఏదైతేనేం, ఇరవైనాలుగు గంటలూ నామం తెగకూడదు, యాంప్లిఫైయర్ దగ్గర మనిషి లేవకూడదు. తెల్లవారుజామున మూడింటికి ఒక దళం అలసిపోయి ఇంకొక దళం అందుకొనేటప్పుడు, హార్మోనియం పాత వరుస వదిలేసి కొత్త వరుస ఇంకా పట్టుకోకుండా తడుముకొనే సమయం ఒక అరనిమిషం ఉంటుంది. పాట ఎటు పోతుందో ఆ అరనిమిషం అక్కడున్న వాళ్లెవరికీ తెలియదు, మృదంగం కూడా వేచి చూస్తూ ఉంటుంది. చిన్నప్పటి నుంచి నేను నిద్రాపుకొని కూర్చొన్నది ఆ అరనిమిషం కోసమే. అదే అరనిమిషం, పది నిమిషాల పొడుగున, ఈ అమెరికా వాళ్ల టేపులో వినబడింది.

ఆ తరువాత ఇక ఆగలేదు. వాళ్లు ఇచ్చిన కచేరీలు 2,300కు పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటి రికార్డింగులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ‘డార్క్ స్టార్’ అనే పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు, మరుసటి ఏడాది ప్రత్యక్ష కచేరీ ఆల్బమ్‌లో 23 నిమిషాలయింది, 1972 ఆగస్టు 27న ఒరెగాన్‌లోని వెనెటాలో వాయించినప్పుడు అరగంట దాటింది. (ఆ చివరి కచేరీ ఒక పాల డెయిరీని అప్పుల నుంచి గట్టెక్కించడానికి పెట్టినదట. టికెట్లను పెరుగు డబ్బాల లేబుళ్ల మీద అచ్చు వేశారు. ఎండకు తీగలు శ్రుతి నిలవక వాళ్లు పడిన అవస్థ వినబడుతూనే ఉంటుంది.) మన కచేరీల్లో అప్పటికప్పుడు అల్లుకొనేదాన్ని మనోధర్మం అంటామే, ఇది అటువంటిదేనని నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ బృందంలో ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా 1995 ఆగస్టు 9న కన్నుమూశారు, దానితో ఆ పేరు మీద కచేరీలు ఆగిపోయాయి. నేను ఇక చూడగలిగేది కాదు. అయితే వచ్చే నెల భువనేశ్వర్‌లో ఒక కళాశాల ఉత్సవానికి ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ అనే బృందం వస్తోంది. వాళ్లను జామ్ బ్యాండ్ (పాటను వేదిక మీదే అప్పటికప్పుడు పెంచుకొంటూ పోయే బృందం) అని అనడం సరైనదో కాదో పండితులు తేల్చాలి గానీ, సాగదీసి వాయించే తీరు నాకు ఆ బంధుత్వాన్నే గుర్తు చేసింది. సొంతంగా టికెట్టు కొనుక్కొని, మైకు పెట్టే పని లేకుండా, కేవలం వినడానికి నేను వెళ్తున్న మొదటి కచేరీ ఇది. వెళ్లేలోపు వాళ్ల ఆల్బమ్‌లన్నీ వల్లెవేసుకొని వెళ్లాలా, లేక ఏమీ వినకుండా వెళ్లాలా? మైదానంలో ఎక్కడ నిలబడితే మంచిది? తిరుగు రైలు అర్ధరాత్రి ఉంది, మైదానం నుంచి స్టేషను దూరం గనుక పదింటికే లేచి వచ్చేద్దామని అనుకొంటున్నాను, దానివల్ల ఏమైనా కోల్పోతానా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పగలరు.

పాత టేపు (బరంపురం) ఇచ్చిన జవాబు:

బాబూ, మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాని విషయంలో నాకున్న అర్హత ఇక్కడ ఇంకెవరికీ ఉండదు. లేవకండి.

నేను 1993లో ఉద్యోగం మీద కాలిఫోర్నియా వెళ్లాను. మరుసటి ఏడాది డిసెంబరులో, నాతో పనిచేసే ఒకాయన ఓక్లాండ్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి నన్ను లాక్కుపోయాడు. ఆ బృందానికి సొంత టికెట్ల విభాగం ఉండేది, పోస్టులో డబ్బు పంపితే టికెట్లు పోస్టులోనే వచ్చేవి. గుమస్తాల కంటబడాలని అభిమానులు కవర్ల మీద రంగురంగుల బొమ్మలు వేసి పంపేవారు. మా వాడు కూడా ఒక పుర్రె, రెండు గులాబీలు వేసి పంపాడు. అరేనా బయట కార్లు నిలిపే చోట అచ్చంగా మన జాతరే జరుగుతోంది: ఒకడు రొట్టెలు కాల్చి అమ్ముతున్నాడు, ఒకామె రంగులద్దిన చొక్కాలు పరిచింది, టికెట్టు లేనివాళ్లు ఒక వేలు పైకెత్తి పుణ్యాత్ముడెవరైనా ఊరికే ఇస్తాడేమోనని తిరుగుతున్నారు.

లోపలికి వెళ్లాక మీరు అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం కంటికే కనబడింది. మిక్సర్ బల్ల వెనక జొన్నచేనులాగా మైకు కర్రలు నిలబడి ఉన్నాయి. 1984 నుంచి రికార్డు చేసుకొనే వాళ్ల కోసం బృందమే అక్కడ విడిగా చోటు కేటాయించింది. ఆ టేపులను డబ్బుకు అమ్మకూడదు, ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు. ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే ముక్కూముఖం తెలియని మనిషి మీకు కచేరీ కాపీ చేసి పంపేవాడు. నా దగ్గర అట్లా అరవై దాకా పోగయ్యాయి. వాటిని బరంపురం తెచ్చాక మన ఉప్పుగాలికి సగం బూజుపట్టాయి, అది వేరే కథ. ఇంతకీ సంగతేమిటంటే, శబ్దాన్ని సరిచూసే మనిషి ఎక్కడ కూర్చొంటే అక్కడే అది సరిగ్గా వినబడుతుంది. మైకుసెట్టు ఇంట్లో పుట్టినవారు, ఇది నేను చెప్పాలా?

మొదటి అర్ధభాగమంతా నేను వృథా చేసుకొన్నాను. మా వాడి కారులో నెలరోజులుగా ఒకే క్యాసెట్టు విని ఉన్నాను గనుక, అందులోని పాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ, వస్తున్న పాటలు వినలేదు. వాళ్లకు ముందుగా రాసుకొన్న పాటల జాబితా ఉండదని, నిన్న వాయించింది ఈ రోజు వాయించరని నాకు ఎవరూ చెప్పలేదు. రెండో భాగంలో డోళ్ల వాళ్లిద్దరే మిగిలి మిగతావాళ్లు లోపలికి వెళ్లిపోయే ఘట్టం ఒకటి ఉంటుంది. అప్పుడు మాత్రం రెండేళ్లకోసారి మా ఊళ్లో జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో, వీధి మలుపు తిరిగి ఎదురొచ్చే వాద్యాల మోత గుర్తుకొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ డోళ్ల తరువాత తాళమూ లేక, పాటా కాక, గిటార్లు పొగలాగా తిరుగుతూ ఉంటాయి. మీరు చెప్పిన అరనిమిషం అదే. ఆ పొగలోంచి పాట ఒకటి రూపుకడుతోంది, నేను గడియారం చూసుకొన్నాను. మర్నాడు పొద్దున్నే డ్యూటీ. ఉండేది రైలు మార్గం చివరన, ఫ్రీమాంట్‌లో. మా వాడి చెవిలో చెప్పి లేచి వచ్చేశాను. వంతెన మీద నడుస్తుంటే వెనకనుంచి జనం అరిచిన అరుపు వినబడింది, ఆ పాటేమిటో తేలిందన్నమాట. రైలు అందింది. మళ్లీ వెళ్దాంలే అనుకొన్నాను. ఎనిమిది నెలలకు గార్సియా పోయాడు.

టేపులు వినడం గురించి కూడా ఒక మాట చెబుతాను. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్లో జరిగిన కచేరీతో మొదలుపెట్టమని అందరూ చెబుతారు, అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరిచిన రికార్డింగుల జాబితాలో కూడా అది చేరింది. మంచిదే, కాదనను. దాన్ని రికార్డు చేసిన బెట్టీ కాంటర్ అనే ఆవిడ చేతికి దండం పెట్టాలి. కానీ మీ వెనెటా పాల డెయిరీ కచేరీయే నాకు ఎక్కువ ఇష్టం. ఇండియన్ ఓషన్‌లో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ గారు డాక్టరేటు చేసింది కూడా ఆ కార్నెల్లోనేనని చదివినప్పుడు, సంబంధం ఏమీ లేకపోయినా, ఎందుకో సంతోషం కలిగింది.

రాయగడ వయొలిన్ ఇచ్చిన జవాబు:

మహేంద్రతనయ గారికి నమస్కారం. నేను విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకొని, ప్రస్తుతం రాయగడలో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటున్నాను. మీ ఏకాహం పోలిక నాకు చాలా నచ్చింది. కానీ చివర్లో మన మనోధర్మం వంటిదే అని ఒక్క వాక్యంలో తేల్చేశారు, అక్కడ మీతో నాకు పేచీ ఉంది.

మన సభలో ప్రధాన కళాకారులు రాగం ఆలపిస్తుంటే, పక్కవాయిద్యం మీద నేను వారి నీడలాగా వెంట నడవాలి. కల్పనస్వరాల్లో నా వంతు వచ్చినప్పుడు వారు వేసిన లెక్కకు తగినట్టు బదులు చెప్పి, తిరిగి వెనక్కి తగ్గాలి. మృదంగానికి మాత్రమే వదిలిపెట్టే తని ఘట్టంలో వారు ఎంత దూరం వెళ్లినా, ముగింపు లెక్క అయిన ముక్తాయింపు తీర్మానమై పల్లవి ఎత్తుగడ దగ్గరికి అక్షరం తప్పకుండా వచ్చి చేరాలి. స్వేచ్ఛ ఉంది, కానీ రాగానికి గట్లు ఉన్నాయి, ఎవరు ముందు ఎవరు వెనక అన్న క్రమం ఉంది. మీరు వింటున్న బృందంలో ఆ క్రమమే లేదు. వాళ్ల బేస్ గిటారిస్టు ఫిల్ లెష్‌ను తీసుకోండి. చిన్నతనంలో వయొలిన్, తరువాత ట్రంపెట్ నేర్చుకొని, 1965లో ఆ బృందంలో చేరేదాకా బేస్ ముట్టుకోని మనిషి ఆయన. అందువల్లనేమో ఇతరుల పాటకు పునాది వేసి కూర్చోకుండా, కింది స్థాయిలో తన పాట తాను పాడుకొంటూ పోతారు. ఆయన 2024లో కన్నుమూశారు. గార్సియాను ఆయన అనుసరిస్తున్నారా, ఆయన్నే గార్సియా అనుసరిస్తున్నారా అని నేను చాలాసార్లు పట్టుకోబోయి ఓడిపోయాను. సభా కచేరీ కంటే మీ ఏకాహమే దానికి దగ్గర, అది మీరు సరిగ్గానే పట్టుకొన్నారు. అక్కడ కూడా నామానికి సొంతదారు ఎవరూ లేరు కదా.

తాళం విషయంలో మాత్రం మనకు నేరుగా చుట్టరికం ఉంది. 1967లో చేరిన వాళ్ల రెండో డోలు వాద్యకారుడు మికీ హార్ట్, తబలా విద్వాంసులు ఉస్తాద్ అల్లారఖా గారి దగ్గర పాఠం చెప్పించుకొన్నాడు. ‘ది ఎలెవెన్’ అన్న పాట తాళంలో ఆవృత్తానికి 11 అక్షరాలు, అంటే 11 దెబ్బలు ఉన్నాయి. ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ 7 అక్షరాలది, మన 7 అక్షరాల తాళం మిశ్రచాపు వేసుకొని వింటే చేతికి ఇట్టే అందుతుంది. ‘ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్’ ఎత్తుకోవడం 10తో. అల్లారఖా గారి కుమారుడు జాకిర్ హుస్సేన్ గారు, ఘటం విక్కు వినాయక్‌రామ్ గారు కూడా ఉన్న హార్ట్ ఆల్బమ్ ‘ప్లానెట్ డ్రమ్’ 1991లో వచ్చింది. ప్రపంచ సంగీత విభాగంలో మొట్టమొదటి గ్రామీ పురస్కారం దానికే దక్కింది. పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్ గారు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’లో వాయించినవి కూడా, ఈ నెలలో తీరిక దొరికితే, వినండి. గట్లు ఉన్న ఏరూ గట్లు లేని ఏరూ కలిసేచోట ఆయన ఏం చేశారో వినవచ్చు.

ఆల్బమ్‌లు వినాలా వద్దా అని అడిగారు. వినండి, కానీ వల్లెవేయవద్దు. కచేరీలో ఏదో ఒక పాట మొదలుకాగానే ఒక్క వాద్యాన్ని ఎన్నుకొని, ఆ పాట పూర్తయ్యేదాకా దాని వెంటే వెళ్లండి, అది బేస్ అయితే ఇంకా మంచిది. మొదటి కచేరీలో అన్నీ ఒకేసారి వినబోతే ఏదీ దక్కదు, నా విద్యార్థులకు కూడా నేను ఇదే చెబుతాను. తాళం లెక్క పెట్టడం ఎక్కడో ఒకచోట మానేయండి. నాకు ఇప్పటికీ ఇది చేతకావడం లేదు, పక్కవాళ్లు చిరాకుపడేలా తొడ మీద చేయి ఆడుతూనే ఉంటుంది.

మహేంద్రతనయ:

అమ్మా, మీ పేచీకి నేను తలవంచుతున్నాను. బేస్ వెంట వెళ్తాను. పాత టేపు గారూ, మీ వంతెన సంగతి చదివాక రైలు గురించి మళ్లీ ఆలోచించాను. అది తప్పితే పొద్దున బస్సులో బరంపురం దాకా వచ్చి అక్కడి నుంచి మా ఊరి బస్సు ఎక్కుతాను. ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు.

సిరొంచ కుర్రాడు ఇచ్చిన జవాబు:

అన్నయ్యా, పెద్దవాళ్లు సంగీతం గురించి చెప్పేశారు గనుక నేను మిగిలిన విషయాలు చెబుతాను. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత దాటితే తెలంగాణ. మా దగ్గరికి ఏ బ్యాండూ రాదు, కాబట్టి నా మొదటి కచేరీ హైదరాబాద్‌లో. అక్కడ చేసిన మొదటి తప్పు, ముందువరుసలో పెద్ద బాక్సుకు ఆనుకొని నిలబడడం. రెండు రోజులు చెవుల్లో కీచురాళ్లు మోగాయి. మీకు ఈ పని కొత్త కాదు, కానీ అభిమానిగా వెళ్లినప్పుడు బుద్ధి పనిచేయదు, చెవుల్లో పెట్టుకొనే ప్లగ్గులు జేబులో వేసుకోండి. రెండో తప్పు, గంటసేపు ఫోను పైకెత్తి పట్టుకోవడం. ఇంటికొచ్చి చూస్తే బేస్ వచ్చిన ప్రతిచోటా గరగర తప్ప ఏమీ లేదు, చేయి నొప్పి ఒక్కటే మిగిలింది.

నేను అభిమానించే బృందం అమెరికాలోని ఫిష్. 1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో మొదలయ్యారు. వాళ్లు కచేరీని నేరుగా ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తారు, డబ్బు కట్టి చూడవచ్చు. న్యూయార్క్‌లో వేసవి రాత్రి ఏడున్నర అంటే మనకు తెల్లవారి ఐదు. మా ఇంట్లో సిగ్నల్ ఉండేది డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే, అక్కడే దుప్పటి కప్పుకొని కూర్చొని చూస్తాను. సరిగ్గా పాట విచ్చుకొనే చోట బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతుంది. 2017లో వాళ్లు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదమూడు రాత్రులు వాయించి, ఒక్క పాటను కూడా రెండోసారి ముట్టుకోలేదు. ఒక్కో రాత్రికి ఒక్కో రకం డోనట్ పేరు పెట్టి, ఆ పేరుకు తగిన పాటలు వెతికి మరీ వాయించారు. పాత టేపు గారు చెప్పినట్టు, ఫలానా పాట రావాలని పట్టుబట్టే వాళ్లకు అక్కడ ఏడుపే మిగులుతుంది.

ఇండియన్ ఓషన్ విషయంలో, 1997లో వచ్చిన ‘డెజర్ట్ రెయిన్’ ప్రత్యక్ష కచేరీ రికార్డింగే గనుక ముందు అది వినండి. 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ పాటలను వాళ్లు నెలకొకటి చొప్పున ఉచితంగానే ఇంటర్నెట్‌లో పెట్టారు, ఆ అంకె వాళ్లు ఢిల్లీలో సాధన చేసుకొన్న పాత ఇంటి చిరునామా. అయితే ఆ రోజుల మనుషులే ఇప్పుడూ ఉంటారనుకోవద్దు. తబలా వాయిస్తూ పాడిన అశీమ్ చక్రవర్తి గారు 2009లో చనిపోయారు, గిటారిస్టు సుస్మిత్ సేన్ గారు 2013లో తప్పుకొన్నారు. మంచినీళ్లు తాగి వెళ్లండి.

మహేంద్రతనయ (ఐదు వారాల తరువాత):

వెళ్లి వచ్చాను. జవాబు ఆలస్యమైంది, మాఘమాసం ముహూర్తాలు వరసగా ఉండి దుకాణం వదలలేకపోయాను.

వెళ్లేటప్పుడు రంభ దాటాక కిటికీలోంచి చిలికా చూస్తూ కూర్చొని, చెవిలో ఏమీ పెట్టుకోలేదు. నాలుగు గంటలకే మైదానానికి చేరుకొన్నాను గనుక శబ్దం సరిచూసుకోవడం మొదటి నుంచీ చూశాను. మిక్సర్ బల్ల దగ్గరున్న కుర్రవాణ్ణి, వెనక వరుస బాక్సులకు ఎంత డిలే (ముందు బాక్సుల మోతతో కలిసేలా ఇచ్చే ఆలస్యం) ఇచ్చావని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూసి, మీరు కూడా ఈ పనేనా అని నవ్వి, తాడుకు ఆనుకొని నిలబడనిచ్చాడు. పాత టేపు గారు ఓక్లాండ్‌లో చూసిన జొన్నచేను ఇక్కడ లేదు గానీ, చోటు మాత్రం అదే.

మొదటి రెండు పాటలు నేను వినలేదని ఒప్పుకోవాలి. ఎడమవైపు బాక్సులో పై స్థాయి యూనిట్ ఒకటి జిరజిరమంటోంది, నా ప్రాణమంతా దాని మీదే ఉంది. వెళ్లి మార్చేద్దామన్నంత పని అయింది. మూడో పాటలో రాయగడ వయొలిన్ గారి మాట గుర్తుకొచ్చి, రాహుల్ రామ్ గారి బేస్ పట్టుకొని నడవడం మొదలుపెట్టాను. కాసేపటికి జిరజిర అలాగే ఉంది, నేనే దాన్ని మరిచిపోయాను. బేస్ వెంట వెళ్తుంటే ఒక వింత జరిగింది. మిగతా వాద్యాలు నేను వినకుండానే వినబడ్డాయి. తబలా ఎక్కడ బేస్ మాటకు తల ఊపుతోందో, ఎక్కడ కాదంటోందో తెలిసింది. అమిత్ కిలమ్ గారు డ్రమ్ములు వదిలి గాబ్‌గుబి అనే చిన్న వాద్యం చంకలో పెట్టుకొని ఒంటితీగ లాగుతుంటే, మా ఊరికి వచ్చిన బెంగాల్ బావుల్ గాయకుడి చేతిలో ఒకప్పుడు చూసిన వాద్యమే కదా ఇదని పోల్చుకొన్నాను.

‘కందీసా’ వచ్చింది. అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన, అరమాయిక్ భాషలో ఉంటుంది, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. 2000లో వచ్చిన ఆల్బమ్‌లో దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వల్లెవేయవద్దని చెప్పినా వల్లెవేసినవాణ్ణి గనుక, ఇక్కడ గిటారు ఇలా దిగుతుంది, ఇక్కడ గొంతు లేస్తుంది అని ముందే చెప్పుకొంటూ పోతున్నాను. నేను చెప్పుకొన్న చోట గొంతు లేవలేదు. గిటారు ఒక్కటే స్వరం మీద నిలబడింది, బేస్ దాని కిందకు వచ్చి ఆగింది, తబలా చేయి చర్మం మీద ఆనించి ఉంచారు. నా పక్కనున్న కళాశాల పిల్లలు అరవడం మానేశారు. మిక్సర్ కుర్రవాడి చేయి మీట మీద అట్లాగే నిలిచిపోయింది, పెంచాలో తగ్గించాలో అతనికి కూడా తెలియలేదు. అరనిమిషమో, అంతకంటే తక్కువో. ఆ తరువాత అందరూ ఒక్కసారిగా ఎత్తుకొన్నారు. ఎవరు సైగ చేశారో నేను చూడలేదు, నేను తల వంచుకొని ఉన్నాను.

పాత టేపు గారికి ఒక సంగతి విన్నవించుకోవాలి. రైలు పోతే పోయిందని గుండె రాయి చేసుకొని, తువ్వాలూ సబ్బూ కూడా సర్దుకొని వెళ్లానా, రాత్రి పది కాగానే కచేరీ ముగించేశారు. పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది, మా దుకాణం గోడ మీద ఆ కాగితం అంటించి కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఆ నిబంధన చెప్పి పెళ్లివారి చేత తిట్లు తిన్న నాకే, అది నాకు కూడా వర్తిస్తుందన్న ఆలోచన రాలేదు. రైలుకు గంటన్నర ముందే స్టేషనులో కూర్చొని మూడు టీలు తాగాను.

ఆ అరనిమిషం మళ్లీ విందామని రైల్లో ఫోనంతా వెతికాను. ఎవరో పెట్టిన వీడియో ఒకటి దొరికింది, నిశ్శబ్దం వచ్చిన చోట పాట అయిపోయిందనుకొని కాబోలు, ఆ అమ్మాయి అక్కడే ఆపేసింది. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు మైకు కర్రలకు చోటు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమయింది.

వచ్చే పౌర్ణమికి మా ఊరి దగ్గర ఏకాహం ఉంది, మైకు మాదే. పాత టేపు గారు ఓపిక చేసుకొని వస్తానంటే యాంప్లిఫైయర్ పక్కన కుర్చీ వేయిస్తాను. మూడింటికి దళం మారుతుంది. తెల్లారేదాకా బరంపురానికి రైలూ లేదు, బస్సూ లేదు.

పాత టేపు (బరంపురం):

వస్తాను. బూజుపట్టని రికార్డరు ఒకటి మిగిలింది, బ్యాటరీలు నేనే తెచ్చుకొంటాను. పొడుగాటి మైకు కర్ర ఒకటి విడిగా అట్టేపెట్టండి.